టోపీ మీద పడిన చేయి

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కార్యకర్తల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



జనగామ పెద్దలకూ, మానుకోట నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చిన మిత్రులకూ, భూపాలపల్లి నుంచి రాత్రి డ్యూటీ దిగి కళ్లు మండుతున్నా నేరుగా ఇక్కడికి వచ్చిన తమ్ముళ్లకూ, వెనుక వరుసల్లో కూర్చున్న అక్కచెల్లెళ్లకూ నా సలాములు. న్యాయశాస్త్రం మీద ఉపన్యాసం అంటే నిద్ర వస్తుందని నాకు తెలుసు. అందుకే ఒక బస్సు ప్రయాణంతో మొదలుపెడతాను.

కొన్ని నెలల కిందట జుమా నమాజు ముగిశాక ఒక తండ్రి తన పద్దెనిమిదేళ్ల కొడుకును నా దగ్గరికి తీసుకువచ్చాడు. ఆ అబ్బాయి సిద్దిపేట రోడ్డు మీదుగా బస్సులో ఇంటికి వస్తున్నాడు. వెనుక సీట్లోని ముగ్గురు యువకులు మొదట మాటలు విసిరారు. తరువాత ఒకడు లేచి వచ్చి అతని తలమీది టోపీ తీసి, నలిపి, కిటికీలోంచి బయటికి విసిరేశాడు. అంతే జరిగింది. కొట్టలేదు, రక్తం రాలేదు. కొమురవెల్లి మల్లన్న దర్శనం చేసుకొని వస్తున్న ఒక అవ్వ మాత్రం ఊరుకోలేదు. "పిలగాని నెత్తి మీది టోపీ నీకేం అడ్డమొచ్చిందిరా?" అని గద్దించి, బస్సు ఆపించి, ఆ అబ్బాయిని వెంటబెట్టుకొని రోడ్డు పక్క తుమ్మచెట్ల మధ్య ఆ టోపీ వెతికించింది.

తండ్రీకొడుకులు పోలీసు స్టేషనుకు వెళ్లారు. అక్కడి అధికారి అడిగిన మొదటి ప్రశ్న: "దెబ్బలెక్కడ తగిలాయి?" చూపించడానికి ఒంటిమీద ఏమీ లేదు. "చిన్న విషయం, పిల్లల ఆకతాయితనం, ఇంటికి పోండి" అన్నాడు. ఇంటికి వచ్చేశారు. "వకీల్ సాబ్, ఇది కేసు అవుతుందా, కాదా?" అని ఆ తండ్రి నన్ను అడిగాడు. ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఈ ప్రసంగం ఆ జవాబును సరిదిద్దుకునే ప్రయత్నం.

మొదట చట్టం ఏమంటున్నదో చూద్దాం. దెబ్బ తగిలితేనే నేరమని మనలో చదువుకున్నవారు సైతం అనుకుంటారు. అది పొరపాటు. 1860లో వచ్చిన భారత శిక్షాస్మృతి 349 నుంచి 358 వరకు ఉన్న సెక్షన్లలో మూడు మెట్లు కట్టింది. ఒక మనిషి శరీరానికి గానీ, అతడు ధరించిన లేదా మోస్తున్న వస్తువుకు గానీ తగిలేలా కదలిక కలిగిస్తే అది బలప్రయోగం. అదే పనిని అతని సమ్మతి లేకుండా, నేరం చేయడానికి గానీ, అతనికి హాని, భయం లేదా చికాకు కలిగించాలని గానీ చేస్తే అది నేరపూరిత బలప్రయోగం. ఇప్పుడే ఆ పని జరగబోతున్నదని ఎదుటివాడు భయపడేలా సైగ చేసినా, చేయి ఎత్తినా అది దౌర్జన్యం. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవే సూత్రాలు 128, 129, 130 సెక్షన్లుగా కొనసాగుతున్నాయి.

ఇందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి, ధరించిన వస్తువు చట్టం దృష్టిలో శరీరంలో భాగం వంటిదే. టోపీ తీసినవాడు ఆ అబ్బాయి చర్మాన్ని తాకలేదని వాదించి తప్పించుకోలేడు. రెండు, గాయం అవసరం లేదు, చికాకు చాలు. ఈ చట్టాన్ని రాసినవారు సామాన్యులకు అర్థం కావాలని కొన్ని ఉదాహరణలు జోడించారు. వీధిలో కావాలని భుజంతో తోయడం వాటిలో ఒకటి. కావాలని ఒక స్త్రీ ముఖం మీది ముసుగు పైకి లేపడం మరొకటి. పిడికిలి చూపించడం దౌర్జన్యానికి ఇచ్చిన ఉదాహరణ. నూటఅరవై ఏళ్ల కిందట ఆంగ్లేయులు రాసిన చట్టంలో మన అక్కచెల్లెళ్ల నఖాబు ప్రస్తావన ఉన్నదంటే నా సాటి న్యాయవాదులే కొందరు నమ్మరు. పుస్తకం తెరిచి చూపించవలసి వస్తుంది.

కాబట్టి చిన్న తాకిడి నేరమా కాదా అన్న ప్రశ్నకు పుస్తకంలో జవాబు ఎప్పుడో ఉంది: నేరమే. మరి స్టేషనులో జవాబు వేరుగా ఎందుకు వస్తున్నది?

మొదటి కారణం అదే పుస్తకంలోని మరొక సెక్షన్. పాత చట్టంలో 95, కొత్తదానిలో 33. సాధారణమైన వివేకమూ స్వభావమూ ఉన్న మనిషి ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హాని అయితే అది నేరం కాదని దాని భావం. ఈ సెక్షన్ ఉండటం మంచిదేనని నా అభిప్రాయం. అది లేకపోతే అంగట్లో కాలు తొక్కినవాడూ, క్యూలో మోచేయి తగిలించినవాడూ కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. 1966లో వీదా మెనెజెస్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇటువంటి వివాదమే వచ్చింది. ఒక తగాదాలో విసిరిన కాగితాల ఫైలు మోచేతికి తగిలి గీరుకుంది. అది శిక్షించదగినంత హాని కాదని కోర్టు తేల్చింది. అయితే తేలుస్తూ ఒక కొలబద్ద కూడా ఇచ్చింది. గాయం ఎంత అన్నది ఒక్కటే చూడకూడదు. ఇరుపక్షాల స్థానం ఏమిటి, చేసినవాడి ఉద్దేశం ఏమిటి, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవన్నీ కలిపి చూడాలి. ఈ కొలబద్దను గుర్తుంచుకోండి, మన వాదమంతా దీని మీదనే నిలబడుతుంది.

ఆ కొలబద్దను పట్టుకునే చేయి ఎవరిదన్నదే అసలు సమస్య. 1988 జూలైలో చండీగఢ్‌లో ఒక విందులో పంజాబ్ పోలీసు అధిపతి కె.పి.ఎస్. గిల్ సీనియర్ ఐ.ఏ.ఎస్. అధికారి రూపన్ దేవల్ బజాజ్ పట్ల అసభ్యంగా ప్రవర్తించి, అందరి ముందూ ఆమె వెనుక భాగంపై చేత్తో కొట్టారు. ఆమె కేసు పెట్టారు. హైకోర్టు ఈ 95వ సెక్షన్‌ను ఆధారం చేసుకొని, అది స్వల్ప విషయమన్నట్టు, ఎఫ్.ఐ.ఆర్.ను కొట్టివేసింది. 1995 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి, స్త్రీ గౌరవానికి భంగం కలిగించే చర్యకు ఈ స్వల్పహాని మినహాయింపు వర్తించదని తేల్చింది. తరువాత విచారణలో ఆయన దోషిగా తేలారు. 2005లో సుప్రీంకోర్టు కూడా ఆ నిర్ధారణను నిలబెట్టింది, ఆయన జైలుకు మాత్రం వెళ్లలేదు. అంతటి పదవిలో ఉన్న స్త్రీకి పదిహేడేళ్లు పట్టింది. ఆమె ఒంటిమీద కూడా చూపించడానికి దెబ్బ లేదు.

ఇప్పుడు మన తెలుగు నేల మీదికే వద్దాం. గుంటూరు జిల్లా చుండూరు, 1991. జూలైలో ఒక సినిమా హాలులో చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీట్లోని అగ్రకుల యువకుడికి తగిలింది. కాలు తగలడం! 33వ సెక్షన్ కోసమే పుట్టిన ఉదాహరణ అది. కానీ ఆ ఊళ్లో దాన్ని స్వల్పంగా చూడలేదు. కొట్లాట, సాంఘిక బహిష్కరణ, చివరకు ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల ఊచకోత. చుండూరులోనే ఏర్పాటు చేసిన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. కింద ఉన్నవాడి కాలు పొరపాటున తగిలితే అది ఊరును తగలబెట్టేంత అవమానం. పైన ఉన్నవాడి చేయి కావాలని తగిలితే అది ఆకతాయితనం. "సాధారణ వివేకం ఉన్న మనిషి" అని చట్టం రాసినప్పుడు ఆ మనిషికి కులం, మతం, లింగం రాయలేదు. మనం చదివేటప్పుడు మాత్రం ఎవరో ఒకరి ముఖం పెట్టుకునే చదువుతున్నాం.

రెండో కారణం ఇంకా గట్టిది, కానీ మన సభల్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు. నేరాలను చట్టం రెండు గుంపులుగా విడదీసింది. కాగ్నిజబుల్ నేరమైతే పోలీసులు వెంటనే ఎఫ్.ఐ.ఆర్. రాసి, దర్యాప్తు చేసి, అరెస్టు చేయవచ్చు. నాన్ కాగ్నిజబుల్ అయితే మెజిస్ట్రేటు ఆజ్ఞ లేనిదే దర్యాప్తే చేయకూడదు. న్యాయ సంహిత 131వ సెక్షన్ కింద మామూలు దౌర్జన్యానికి మూడు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది నాన్ కాగ్నిజబుల్. ఒక మనిషిని అగౌరవపరచాలనే ఉద్దేశంతో చేసిన దౌర్జన్యానికి 133వ సెక్షన్ రెండేళ్ల వరకు జైలు విధిస్తుంది. మన టోపీకీ, గడ్డానికీ సరిగ్గా సరిపోయే సెక్షన్ ఇదే. అదీ నాన్ కాగ్నిజబుల్.

ఈ రెండింటి మధ్యనే 132వ సెక్షన్ ఉంది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద, ఆ విధిని అడ్డుకోవడానికి చేసిన దౌర్జన్యం. అది కాగ్నిజబుల్, పైగా నాన్ బెయిలబుల్. ధర్నాలో తోపులాట జరిగి కానిస్టేబుల్ భుజానికి చేయి తగిలితే ఆ రాత్రే మన పిల్లవాడు లాకప్పులో ఉంటాడు. ముసలి హాజీ సాహెబు తలమీది టోపీని నలిపి విసిరేసినవాడు ఆ రాత్రి ఇంట్లో భోజనం చేస్తాడు. శరీరానికి జరిగింది రెండు చోట్లా ఒక్కటే, తాకిడి. బరువు తూచిన త్రాసులు వేరు.

దీనిలోంచే ఒక ఉచ్చు తయారైంది. యువకులు ఈ మాట జాగ్రత్తగా వినాలి. రెచ్చగొట్టేవాడు చేసే పని నాన్ కాగ్నిజబుల్ గీత లోపలే ఉంటుంది. భుజం తగిలించడం, దుపట్టా అంచు లాగడం, గడ్డం పట్టి నవ్వడం, మస్జిదు మెట్ల మీద కూర్చున్నవాడి మీద రంగు చల్లడం. కోపం పట్టలేక మనవాడు చేతికందిన కర్రతో ఒక్కటి వేస్తే అది 118వ సెక్షన్, ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం, కాగ్నిజబుల్. మొదటి చేయికి కేసు లేదు, రెండో చేయికి ఎఫ్.ఐ.ఆర్. ఉంది. మరునాడు పత్రికలో వచ్చేది రెండో చేయి వార్త. హఠాత్తుగా, తీవ్రంగా రెచ్చగొట్టబడినందుకు శిక్ష తగ్గించే నిబంధనలు చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ ఆ వాదన వినిపించేది విచారణలో. అప్పటికి ఆ పిల్లవాడి పాస్‌పోర్టు దరఖాస్తూ, ఉద్యోగం కోసం చేసే పోలీసు వెరిఫికేషనూ ఎక్కడో ఆగిపోయి ఉంటాయి. "సబర్ చెయ్యి బేటా" అని మన ఇళ్లలో తల్లులు చెప్పేది ధర్మమే. దానితో పాటు ఈ సెక్షన్ల లెక్క కూడా చెప్పాలని నా మనవి.

మరి మనం ఏం కోరాలి? ప్రతి తాకిడినీ కాగ్నిజబుల్ నేరం చేయాలని కొందరు మిత్రులు తీర్మానం రాసుకొని వచ్చారు. నేను దాన్ని సమర్థించలేను. క్షమించండి. పోలీసుల చేతికి అరెస్టు అధికారం ఎంత పెంచితే అది ముందుగా వాడబడేది ఎవరి మీదనో మనకు అనుభవమే. ఊరేగింపులో భుజం తగిలిందని, మార్కెట్లో బండి పక్కకు జరిపే తగాదాలో తోశాడని, రేపు మన తోపుడుబండి వ్యాపారుల మీదనే ఆ సెక్షన్ పడుతుంది. 33వ సెక్షన్ మనకూ రక్షణే. 131 ఉన్నచోటే ఉండనివ్వండి.

మార్చవలసింది 133ను. అక్కడ తాకిడి ఎంత అన్నది కాదు, అగౌరవపరచాలన్న ఉద్దేశం రుజువు కావాలి. ఆ ఒక్క సెక్షన్‌ను తెలంగాణలో కాగ్నిజబుల్ చేయాలి. ఇది ఢిల్లీ చేయవలసిన పని అనుకోకండి. నేర విచారణ పద్ధతి రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోని అంశం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1992లో సవరణ చేసి, భార్య ఉండగా రెండో వివాహం చేసుకునే నేరాన్ని రాష్ట్రంలో కాగ్నిజబుల్ చేసింది. 2011లో సుభాష్ బాబు కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణను గుర్తించి అమలు చేసింది. రాష్ట్రపతి ఆమోదంతో మన శాసనసభ ఇప్పుడూ అటువంటి పని చేయగలదు. మన ముగ్గురు జిల్లా కేంద్రాల శాసనసభ్యులను అడగడానికి ఇంతకన్నా స్పష్టమైన కోరిక నాకు కనిపించడం లేదు.

గౌరవానికి తగిలిన దెబ్బను చట్టం కొలవలేదని ఎవరైనా అంటే, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని చూపించండి. 2015 సవరణ తరువాత అందులో బలవంతంగా గుండు గీయడం, మీసం తీసివేయడం, ముఖానికి రంగు పూయడం, మానవ గౌరవాన్ని కించపరిచే అటువంటి చర్యలు పేరుపేరునా ఉన్నాయి. మీసం తీస్తే ఎముక విరగదు. అయినా నేరమని పార్లమెంటు అంగీకరించింది, ఎందుకంటే ఆ మీసం వెనుక ఏముందో దళిత ఉద్యమాలు ఏళ్ల తరబడి చెప్పి ఒప్పించాయి. ఆ చట్టం వారి పోరాట ఫలం, దానిలో మనం వాటా అడగడం లేదు. వారి దారిని చూసి నేర్చుకోమంటున్నాను. ఇది మన ఒక్కరి సమస్యా కాదు. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లా లక్సెట్టిపేటలో మదర్ థెరెసా పేరుతో నడిచే క్రైస్తవ పాఠశాల మీద గుంపు దాడి చేసినప్పుడు, అక్కడి ఫాదర్‌ను కొట్టి నుదుట బలవంతంగా బొట్టు పెట్టారని పత్రికలు రాశాయి. కొట్టిన దెబ్బ గాయం కింద లెక్కకు వస్తుంది. ఆ బొట్టు ఏ లెక్కకు వస్తుంది? 133 లెక్కకు రావాలి. పాఠశాల యాజమాన్యం మీద మాత్రం మత విద్వేషం సెక్షన్ల కింద కేసు నమోదైంది.

చట్టం మారేలోగా ఏం చేయాలో కొంత చెప్పి ముగిస్తాను. ఇది కాస్త పొడిగా ఉంటుంది, కాగితం మీద రాసుకోండి.

నాన్ కాగ్నిజబుల్ అయినా స్టేషను అధికారి మిమ్మల్ని ఊరికే పంపించకూడదు. నాగరిక సురక్షా సంహిత 174వ సెక్షన్ ప్రకారం సమాచారాన్ని పుస్తకంలో నమోదు చేసి మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమని చెప్పాలి. ఆ వివరాలు పక్షానికొకసారి మెజిస్ట్రేటుకు చేరాలి. "నమోదు చేశారా?" అని మర్యాదగా అడగండి. అదే సెక్షన్‌లో మరొక మంచి నియమం ఉంది: ఒక ఘటనలో పలు నేరాలుండి, వాటిలో ఒక్కటైనా కాగ్నిజబుల్ అయితే మొత్తం కేసును కాగ్నిజబుల్‌గానే చూడాలి. కాబట్టి జరిగినదంతా చెప్పండి. దారికి అడ్డం నిలబడి కదలనివ్వలేదా? అది 126, కాగ్నిజబుల్. స్త్రీ హిజాబు లాగారా? ఆమె మర్యాదకు భంగం కలిగించే ఉద్దేశం కనిపిస్తే 74, ఏడాదికి తక్కువ కాకుండా అయిదేళ్ల వరకు జైలు, కాగ్నిజబుల్. గిల్ కేసు తీర్పు అక్కడ మీకు అండ. మతాన్ని తిడుతూ ద్వేషం రెచ్చగొట్టారా? అటువంటి ప్రసంగాల మీద ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అయితే జరగనిదాన్ని చేర్చకండి. ఒక్క అబద్ధం పది నిజాలను చంపుతుంది.

కాగ్నిజబుల్ నేరానికి స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. రాయకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపాలి. మహబూబాబాద్, భూపాలపల్లి వారు ఎస్పీకి రాయండి. జనగామ వరంగల్ కమిషనరేటు కింద ఉన్నది కాబట్టి ఇక్కడివారు కమిషనరుకు రాయాలి. రైల్లో జరిగితే రైల్వే పోలీసులకు. వీడియో ఉంటే వాట్సాప్‌లో తిప్పడం కన్నా అది తీసిన అసలు ఫోనును భద్రం చేయడం ముఖ్యం, సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం దానికే ఇవ్వాలి. గ్రూపుల్లో తిప్పిన వీడియో వల్ల మరో ఊళ్లో మరో పిల్లవాడు కర్ర పట్టుకుంటాడు.

సీరా గ్రంథాల్లో బద్ర్ యుద్ధం నాటి ఒక సంఘటన ఉంది. ప్రవక్త ముహమ్మద్ (స) చేతిలో బాణపు పుల్లతో సైనికుల వరుసలు సరిచేస్తూ, ముందుకు జరిగి నిలబడ్డ సవాద్ ఇబ్న్ గజియ్యా పొట్ట మీద దానితో తట్టారు. నొప్పి కలిగింది, నాకు ప్రతీకారం ఇప్పించండి అన్నాడు సవాద్. యుద్ధం మొదలయ్యే వేళ అది. స్వల్ప విషయమని ప్రవక్త కొట్టిపారేయలేదు. తన వస్త్రం తొలగించి, తీసుకో అన్నారు. సవాద్ ఆ పొట్టను ముద్దు పెట్టుకున్నాడు. వదిలేసే హక్కు తాకినవాడిది కాదు, తాకబడ్డవాడిది. అది ముందుగా అడగగలిగిన తరువాతే.

ఈ జనగామ నేల మీద అడిగినవాడొకడు ఉన్నాడు. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం ఏళ్ల తరబడి కోర్టులో పోరాడాడు. దొర ముందు తల ఎత్తితేనే నేరమైన కాలం అది. కోర్టులో గెలిచాడు. 1940లో అతన్ని దారికాచి చంపారు. 'మాభూమి' నాటకానికి ఆధారం అతని కథే. కోర్టుకు వెళ్లడం సులభమని గానీ, ప్రమాదం లేనిదని గానీ ఈ నేల మీద నిలబడి నేను చెప్పలేను.

ఇక ఆ బస్సు సంగతి. ఆ రోజు నేను ఆ తండ్రితో, దెబ్బ లేదు కదా భాయి, కోర్టుల చుట్టూ తిరగలేవు, వదిలెయ్ అన్నాను. అది నా తప్పు. వదిలెయ్యమనడానికి నేనెవరిని? 133 కింద ఫిర్యాదుకు మూడేళ్ల గడువు ఉంటుంది, ఇంకా ఏడాది కూడా కాలేదు. మెజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదు వేయవచ్చు. కొత్త చట్టం ప్రకారం ఎదుటివారి మాట కూడా విన్నాకే కేసు స్వీకరిస్తారు కాబట్టి కొంత ఆలస్యం తప్పదు. పోయిన వారం మేము వెతుక్కుంటూ ఆ అవ్వ ఊరికి వెళ్లాం. అరుగు మీద కూర్చొని బీడీలు చుడుతున్నది. కోర్టుకు వచ్చి చెబుతావా అని అడిగితే, చేతిలో పని ఆపకుండానే, "చెప్పకేం బిడ్డా, నేను చూసిన గదా" అన్నది. సోమవారం ఫిర్యాదు దాఖలు చేస్తున్నాం. ఆ అబ్బాయి అక్కడ మూడో వరుసలో కూర్చున్నాడు. అదే టోపీ పెట్టుకున్నాడు.